గోడెక్కనన్న రద్కా

పోసిన బీరు ముందు పెట్టుకుని నురగ చచ్చేదాకా చూస్తూ కూర్చోవడమంటే మా లిపినాలో పోసినవాడి మొహం మీద ఉమ్మినట్టే. ఆ ఆదివారం పొద్దున తొమ్మిదింటికి, ముప్పై మంది చూస్తుండగా, రద్కా సరిగ్గా ఆ పనే చేసింది.

రద్కాకి యాభై నాలుగేళ్ళు. వారంలో అయిదు రోజులు బడి వంటింట్లో మూడొందల మంది పిల్లలకి ఉడికించిన పిండి ఉండలూ, సోయికూర వేసిన తెల్ల పులుసూ వడ్డిస్తుంది. ఆదివారాలు మా ఊరి చక్రాల హాకీ జట్టుకి గోల్‌కీపరు. ఇరవై ఆరేళ్ళ కిందట అప్పటి గోల్‌కీపరు మణికట్టు విరగ్గొట్టుకుంటే, రద్కా అన్న లుద్యెక్ "ఈ ఒక్కపూటా నిలబడవే, ఊరికే అడ్డం పడితే చాలు" అని చెల్లెల్ని బతిమాలి లాక్కొచ్చాడు. ఆ ఒక్కపూట ఇంకా అవలేదు.

మేం ఆడేది చలికాలంలో మంచు గడ్డకట్టించే మైదానంలోనే. ఏప్రిల్లో మంచు తీసేశాక కింద నున్నటి సిమెంటు నేల బయటపడుతుంది. చుట్టూ నడుమెత్తు పలకల కంచె ఎలాగూ ఉంటుంది. అక్టోబరులో మళ్ళీ మంచు పోసేదాకా ఆ నేల చక్రాల బూట్లవాళ్ళది. నలుగురు ఆడతారు, ఒకరు గోలు కాస్తారు. ఎలక్ట్రీషియన్లూ, బస్సు డ్రైవర్లూ, ఒక పళ్ళ డాక్టరూ. ఎవడికీ పైసా రాదు. అయినా ఆదివారం ఓడితే బుధవారం దాకా ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడరు.

మైదానాన్ని ఆనుకునే ఒతా బీరుకొట్టు ఉంది. అందులో పొయ్యి పక్క గోడకి ఏడు జెర్సీలు అద్దాల చట్రాల్లో వేలాడుతుంటాయి. జట్టులో ఎవరైనా ఆట మానేస్తే, వాళ్ళ జెర్సీ చట్రంలో బిగించి, గుడ్డ కప్పి, అందర్నీ పిలిచి గుడ్డ లాగుతారు. ఒతా పెద్ద గ్లాసు నిండా బీరు పోసిస్తాడు. ఆ మనిషి నిలబడి, గ్లాసు కింద పెట్టకుండా, చివరి చుక్క దాకా తాగాలి. మిగతావాళ్ళు బల్లలు చరుస్తారు. ఇక ఆ మనిషి జట్టుకి మళ్ళీ ఆడకూడదు. దీన్ని మావాళ్ళు గోడెక్కడం అంటారు, చాలా పెద్ద మర్యాద అనుకుంటారు. మర్యాద చేస్తున్నామనుకుంటూ మనిషిని బతికుండగానే పాతిపెట్టడంలో మావాళ్ళ తర్వాతే ఎవరైనా.

ఆ రోజు సీజన్లో ఆఖరి మ్యాచ్, పక్కూరు రుద్నాతో. డ్రా చేసుకున్నా పై గ్రూపులో ఉంటాం, ఓడితే కిందికి పోతాం. రద్కా ఎప్పట్లాగే తన పెద్ద సంచీ ఈడ్చుకుంటూ వచ్చింది. బుధవారం నుంచీ జెర్సీ కనబడకపోతే, ఉతకడానికి ఎవరో పట్టుకెళ్ళి ఉంటారనుకుంది. జట్టు కెప్టెన్ హీనెక్ ఎదురొచ్చి, "అత్తా, ముందోసారి ఒతా కొట్లోకి రా" అన్నాడు. హీనెక్ లుద్యెక్ కొడుకు, రద్కాకి మేనల్లుడు. ముప్పై నాలుగేళ్ళవాడు. చెయ్యి పట్టుకుని మరీ తీసుకెళ్ళాడు.

గుడ్డ లాగారు. అద్దం వెనక ఆకుపచ్చ జెర్సీ, వీపు ఇటు తిప్పి, రద్కా పేరూ, కింద ముప్పై నంబరూ. ముప్పై మందీ చప్పట్లు కొట్టారు. డెబ్బై ఏళ్ళ ఒతా కళ్ళు తుడుచుకుంటూ గ్లాసు తెచ్చి ముందు పెట్టాడు.

రద్కా కుర్చీ లాక్కుని కూర్చుంది. గ్లాసు వంక చూసింది, జెర్సీ వంక చూసింది. "ఎవరు చెప్పార్రా మీకు, నేను మానేస్తున్నానని?"

హీనెక్ నీళ్ళు నమిలాడు. "పోయిన మ్యాచ్‌లో తొమ్మిది పడ్డాయి కదత్తా. నీ ఎడమ మోకాలు వంగట్లేదు, అందరికీ తెలుసు. కొత్తగా షిమోన్ వచ్చాడు, కుర్రాడు బాగా కాస్తాడు. ఈ మ్యాచ్ ముందర నిన్ను ఘనంగా..."

"తొమ్మిదీ వెనక్కి తిరిగి చూస్తూ నిలబడింది మీరే. ఒక్కడైనా అడ్డం వచ్చాడా?"

"అమ్మాయ్, బీరు చల్లగా ఉండగానే తాగెయ్" అన్నాడు ఒతా, గొడవ పెద్దదవుతుందని.

"తాగను బాబాయ్. నువ్వు పోసినందుకు ఏమీ అనుకోకు. ఆ జెర్సీ బయటికి తియ్యి."

బల్లలు చరచడానికి చేతులెత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. నురగ మెల్లగా దిగిపోతోంది. రద్కా చేతులు కట్టుకుని చూస్తోంది. తర్వాత నాతో చెప్పింది, ఆ క్షణంలో ఎవరైనా గట్టిగా "తాగు" అని ఉంటే తాగేసేదాన్నేమో అని. ఎవరూ అనలేదు.

హీనెక్ గొంతు తగ్గించాడు. "నాన్న పక్కనే పెట్టించానత్తా నీది. చూడు."

నిజమే, మొట్టమొదటి చట్రం లుద్యెక్‌ది. నలభై ఆరేళ్ళకి గోడెక్కించారు. నవ్వుతూనే తాగాడు, పాటలు కూడా పాడాడు. ఆ తర్వాత ఆదివారాలు ఏం చెయ్యాలో తెలియక వాకిట్లో కారు కడుగుతూ కూర్చునేవాడు. కడిగిన కారే మళ్ళీ కడిగేవాడు. ఏడాది తిరక్కుండా పోయాడు.

"గోడెక్కిన ఏడాదికి మా అన్న పోయాడు" అంది రద్కా.

"నాన్న గుండెపోటుతో పోయాడు. గోడ వల్ల కాదు."

"వాకిట్లో ఎలా కూర్చునేవాడో నువ్వు చూడలేదు, నేను చూశా. మీరే ఇంటికి పంపేశార్రా మనిషిని. నన్ను పంపడం మీ వల్ల కాదు."

లేచి, చట్రాన్ని మేకుకి తప్పించి బల్ల మీద బోర్లించింది. బల్ల మీదున్న రొట్టె కత్తితో వెనకాల చీలలు ఒక్కొక్కటే ఊడబెరికింది. అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఒతా పాతకాలం వడ్రంగి. బట్ట జారిపోకూడదని జెర్సీ ముందు భాగాన్ని ప్లైవుడ్ చెక్కకి జిగురుతో అంటించేశాడు.

"అయ్యో తల్లీ, అది ఇంక ఊడదు. వందేళ్ళుంటుందని పూశాను" అన్నాడు ఒతా.

"వందేళ్ళు నేనుండను కదా" అంటూ రద్కా చెక్క మీద మోకాలు మోపి రెండు చేతులా లాగింది. ఊడింది. ఊడింది గానీ, ప్లైవుడ్ పైపొర కూడా పళ్ళెమంత ముక్క బట్టతోపాటే లేచొచ్చింది. రద్కా సంచీలోంచి ప్యాడ్లు తీసి కట్టుకుని, దాన్ని అలాగే వాటి మీంచి తొడిగేసుకుంది. మరి ప్యాడ్ల మీద పట్టే జెర్సీ ఆవిడకి అదొక్కటే. లీగులో ఆవిడ పేరుమీద రాసి ఉన్న నంబరూ అదే, ఆ నంబరు వీపు మీద లేకపోతే రెఫరీ గేటు దగ్గరే ఆపేస్తాడు.

ఇప్పుడు కాగితం సంగతి. ప్రతి మ్యాచ్ ముందూ కెప్టెన్ ఆటగాళ్ళ పేర్లు రాసి సంతకం పెట్టి రెఫరీకివ్వాలి. హీనెక్ రాసిన కాగితంలో గోల్‌కీపరుగా షిమోన్ పేరొక్కటే ఉంది.

"నా పేరు రాయి."

"గోడెక్కినవాళ్ళ పేరు రాయకూడదత్తా. ఆ కట్టుబాటు నువ్వూ ఒప్పుకున్నదే."

మూలన బూట్ల తాళ్ళు బిగించుకుంటున్న కామిల్ తలెత్తాడు. కామిల్ రక్షణలో ఆడతాడు. రద్కా కంటే నాలుగేళ్ళు చిన్న, మాట తక్కువ మనిషి. "తాగలేదు కదా" అన్నాడు.

"ఏంటి?"

"రద్కక్క తాగలేదు. గ్లాసు నిండుగానే ఉంది, చూసుకో. తాగితేనే గోడెక్కినట్టు. తాగకుండా గోడెక్కినవాళ్ళు ఎవరూ లేరు. రాయి పేరు."

హీనెక్ కామిల్ వంక కొరకొరా చూశాడు. కానీ కట్టుబాటు కట్టుబాటే. షిమోన్ పేరు కింద రద్కా పేరు గీకాడు. "సరే. బెంచీ మీద కూర్చో. గోల్లో షిమోన్ ఉంటాడు."

రద్కా బూట్లు కట్టుకుని, హెల్మెట్ పెట్టుకుని, మైదానంలోకి దొర్లుకుంటూ వెళ్ళి గోలు ముందు నిలబడింది. గోలు ఆరడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. రెండు కమ్మీలనీ కర్రతో ఒకసారి తట్టి, వంగింది. బడిలో పెద్ద వంటమనిషి చెప్పింది చెయ్యాలి, ఇంట్లో అందరికీ కావలసింది చూడాలి. ఆ ఆరడుగుల్లో మాత్రం ఎప్పుడు కదలాలో, ఎప్పుడు కదలకూడదో ఆవిడ ఇష్టం. ఆ ఇష్టాన్ని ఎవరో గుడ్డ కప్పి లాగేస్తే ఊరుకునే రకం కాదు.

షిమోన్ మెల్లగా వచ్చాడు. ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, మర్యాదస్తుడు. "రద్కాగారూ, నన్ను నిలబడమన్నారండీ."

"నన్ను ఎత్తి పక్కన పెట్టగలవా?"

"మీరెంత బరువుంటారో నాకు తెలీదు కదండీ."

"ప్యాడ్లతో కలిపి తొంభై అయిదు కిలోలు."

షిమోన్ ఆవిడని ఎగాదిగా చూశాడు. "అయితే నేను బెంచీ మీదుంటానండీ" అని వెనక్కి వెళ్ళిపోయాడు.

హీనెక్ విసురుగా వచ్చాడు. "అత్తా, ఓడితే కిందికి పోతాం. తెలుసుగా?"

"తెలుసు."

"నీ వల్ల పోతే?"

"నా వల్లే పోయిందని ఊరంతా చెప్పుకో. నన్ను గోడకి మాత్రం కొట్టకు."

రెఫరీ ఈల వేశాడు. ఇక ఆవిణ్ణి బయటికి లాగడానికి ఎవరికీ సమయం లేదు.

మొదటి సగం ఇరవై నిమిషాలూ రద్కాకి పీడకలే, దాచేదేముంది. రుద్నావాళ్ళు మూడో నిమిషంలో ఒకటి ప్యాడ్ల మధ్య నుంచి దూర్చారు. ఎడమ మోకాలు వంగేలోపు ఇంకోటి ఆ పక్కనుంచే పోయింది. రుద్నాలో ఒక పొడుగాటివాడు గోలు ముందు నుంచి పోతూ ఆవిడ ఛాతీ మీది చెక్క పొరని చూసి ఆగాడు.

"ఏంటండీ, ఇంటి తలుపు మోసుకొచ్చారు? గొళ్ళెం కూడా ఉందా?"

"ఉంది. దగ్గరికి రా, నీ ముక్కుకి తగిలిస్తా."

వాడు నవ్వాడు. నవ్వి, మూడోది కొట్టాడు. మావాళ్ళు ఒకటి తిప్పికొట్టారు. సగం అయ్యేసరికి మూడు ఒకటి. మధ్యలో ఖాళీ గోలు ముందు హీనెక్‌కి బంతి చిక్కితే పలకల కంచెకి కొట్టాడు. దాని గురించి ఎవరూ మాట్లాడలేదు.

విరామంలో బెంచీ దగ్గర హీనెక్, "చాలత్తా, ఇంక బయటికి రా" అన్నాడు. రద్కా సీసా ఎత్తి నీళ్ళు తాగింది, మిగిలినవి తల మీద పోసుకుంది, వెళ్ళి మళ్ళీ గోల్లో నిలబడింది.

రెండో సగంలో ఏం మారిందో నేను సరిగ్గా చెప్పలేను. మోకాలైతే బాగుపడలేదు. కానీ రద్కా మోకాలి మీద ఆధారపడడం మానేసింది. ఎడమవైపు కింద ఎలాగూ ఆపలేనని తెలుసుకుని, తనే ఆ వైపుకి జరిగి నిలబడి, కుడివైపు ఖాళీగా వదిలింది. రుద్నావాళ్ళు ఆ ఖాళీ చూసి అటే కొట్టారు, కొట్టిన ప్రతిసారీ కుడి కాలు అక్కడుంది. పొడుగాటివాడు ఒంటరిగా దూసుకొచ్చి కొడితే బంతి ఛాతీ మీది చెక్కకి తగిలి ఠప్పుమంది. "గొళ్ళెం వేసే ఉందిరా" అంది. మావాళ్ళు బెంచీ మీద లేచి నిలబడ్డారు. కామిల్ దూరం నుంచి ఒకటి కొట్టాడు, పళ్ళ డాక్టరు ఇంకోటి తోశాడు. మూడు మూడు. ఆ మధ్యలో హీనెక్ మరో ఖాళీ గోలు పోగొట్టాడు.

డ్రా చాలు. రెండు నిమిషాలే ఉంది.

అప్పుడు రుద్నావాడొకడు మైదానం మధ్యలోంచి, పెద్దగా ఉద్దేశం లేకుండా, బంతిని ఇటు కొట్టాడు. దారికి ఎవరూ అడ్డం లేరు. రద్కాకి స్పష్టంగా కనబడుతోంది. ఇరవై ఆరేళ్ళుగా అలాంటివి వేలకొద్దీ పట్టింది. గ్లవుజు చాపింది. బంతి గ్లవుజు అంచుకి తగిలి, కిందకి జారి, మెల్లగా దొర్లుకుంటూ గీత దాటింది.

నాలుగు మూడు. అంతే. మ్యాచ్ అయిపోయింది, గ్రూపూ పోయింది.

బట్టలు మార్చుకునే గదిలో రద్కా హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొహం కందగడ్డలా ఉంది. "నాలుగోది నాది" అంది. "మా బడి పిల్లలు కూడా పడతారు దాన్ని. నాదే తప్పు."

హీనెక్ చేతి తొడుగులు నేలకేసి కొట్టాడు. "ఒప్పుకున్నావు, సంతోషం. మొండితనానికి పోయి అందర్నీ కిందికి దింపావు. పొద్దున ఆ బీరు తాగేసి ఉంటే ఇవాళ ఇంకా పైనే ఉండేవాళ్ళం. ఇప్పుడైనా దిగుతావా గోల్లోంచి?"

"నాలుగోదైతే నేను ఆపేవాణ్ణేమో" అన్నాడు షిమోన్ మెల్లగా, ఎవరూ అడక్కుండానే. "రెండో సగంలో మిగతావి ఆపేవాణ్ణి కాదు."

"నువ్వుండరా" అన్నాడు హీనెక్.

రద్కా లేచింది. "పదేళ్ళ కింద కామిల్ బంతిని మన గోల్లోకే కొట్టాడు. ఆ ఏడు కిందికి పోయాం. అవునా కామిల్?"

"అవునక్కా."

"ఆ తర్వాతి మ్యాచ్‌లో ఎక్కడ ఆడావు?"

"ఎప్పట్లాగే రక్షణలో."

రద్కా హీనెక్ వైపు తిరిగింది. "మీ నాన్న ఓసారి తాగొచ్చి సగం మ్యాచ్ నిద్రపోయాడు బెంచీ మీద. అప్పుడు మూడు నెలలు నవ్వుకున్నాం. ఇవాళ నువ్వు ఖాళీ గోలు రెండుసార్లు పోగొట్టావురా హీనెక్. రెండు. ఎవరైనా నీ జెర్సీకి కొలతలు తీసుకున్నారా? మీరు తప్పు చేస్తే, ఇవాళ మన రోజు కాదు అంటారు. నేను చేస్తే, ఇంక వయసైపోయింది అంటారు. నా మోకాలు నాకు తెలుసు. అది చాలు అన్నప్పుడు నేనే వచ్చి ఒతాని బీరు పొయ్యమంటా. మీరు పోసింది మాత్రం తాగను."

ఆవిడ సంచీ సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, "మంగళవారం ఆరింటికి ప్రాక్టీసు. నేనొస్తా" అని వెళ్ళిపోయింది.

సోమవారమంతా బడి వంటింట్లో చేతికి దొరికినదల్లా మాడగొట్టింది. పెద్ద వంటమనిషి ఒళ్ళు బాగోలేదా అని అడిగితే బాగానే ఉందంది. బాగాలేదు. ఎవరూ రారేమో, ఖాళీ సిమెంటు నేల మీద తనొక్కతే ప్యాడ్లు కట్టుకుని నిలబడాల్సొస్తుందేమో అని భయపడింది. అలా జరిగితే ఊరు ఎన్నేళ్ళు చెప్పుకుంటుందో ఆవిడకి తెలుసు. అయినా మంగళవారం సాయంత్రం అయిదున్నరకే వెళ్ళి నిలబడింది. జెర్సీ ఉతికింది గానీ చెక్క పొర మాత్రం ఊడలేదు.

కామిల్ వచ్చాడు. షిమోన్ వచ్చి అటువైపు గోల్లో నిలబడ్డాడు. ఇంకో ముగ్గురు వచ్చారు. ఆరున్నరకి హీనెక్ వచ్చాడు. ఎవర్నీ పలకరించలేదు. బంతుల బకెట్ తెచ్చి రద్కా గోలు ముందు బోర్లించాడు. పన్నెండు బంతులు. కొట్టడం మొదలుపెట్టాడు.

అది ప్రాక్టీసు కాదు, కక్ష. కామిల్ వాళ్ళు ఆట ఆపేసి చూస్తున్నారు. ఒకటి భుజానికి, ఒకటి హెల్మెట్‌కి, రెండు ఎడమవైపు కింద నుంచి లోపలికి. ఇంకోటి తొడకి ప్యాడు లేనిచోట తగిలితే రద్కా మూలిగింది. జరగలేదు. ఎనిమిదో బంతికి హీనెక్ చెయ్యి ఆగింది. ఒగరుస్తున్నాడు, కళ్ళు ఎర్రబడ్డాయి.

"నేను నిన్ను అవమానించాలని చెయ్యలేదత్తా. నాన్నకొచ్చినట్టే నీకూ ఓ రోజు గుండెపోటొస్తే... ఈ నేల మీద, నా కళ్ళ ముందు... నేను చూడలేను."

రద్కా హెల్మెట్ పైకెత్తింది. ఆవిడ కళ్ళూ తడిగానే ఉన్నాయి. గొంతు మాత్రం తగ్గలేదు.

"చూడలేకపోతే కళ్ళు మూసుకుని కొట్టు. ఎలాగూ ఆదివారం నీకు గోలు కనపళ్ళేదుగా."

వెనకాల కామిల్ పకపకా నవ్వాడు. హీనెక్‌కి నవ్వు రాలేదు. పళ్ళు బిగించి మిగిలిన నాలుగూ కొట్టాడు, ముందటికంటే గట్టిగా. మూడు ఆగాయి, ఒకటి లోపలికి పోయింది.

రద్కా వెనక్కి తిరిగి వలలోంచి బంతులు తీసింది. కాళ్ళ దగ్గరున్నవి కూడా కలిపి, కర్రతో ఒక్కొక్కటే అతని వైపు తోసింది. పన్నెండూ చేరాక హెల్మెట్ దించుకుని వంగింది.

"మళ్ళీ మొదట్నుంచి కొట్టు" అంది.